పిడుగు ఉప్పు, దాని కవల

(సైన్స్ దినోత్సవం రోజున డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నేను వస్తుంటే గేటు దగ్గర ఒక బుడతడు పాప్‌పాప్‌లు నేలకేసి కొడుతున్నాడు. మీ అటెండరు గారి మనవడట. వాడి దగ్గర ఈ డబ్బా అరువు తెచ్చాను. అదిగో, తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. ఇచ్చేస్తాన్రా, భయపడకు. డబ్బాలో యాభై ఉంటాయట, ఇంకా ఒక్కటీ తగ్గలేదు, గేటు దగ్గర కొట్టినవి పాత డబ్బావట. ఇందులోంచి ఒక్కటి తీసుకుంటున్నాను.

టప్! విన్నారు కదా. ఇందులో ఏముంది? చెప్పండి చూద్దాం. గన్‌పౌడరా? కాదు. భాస్వరమా? అదీ కాదు. పైన సిగరెట్ కాగితం లాంటి పల్చటి కాగితం. లోపల ఇసుక లాంటి సన్న రాళ్లు. ఆ రాళ్లకి పూసిన ఒక వెండి లవణం. ఎంత పూస్తారు? సుమారు 0.08 మిల్లీగ్రాము. బియ్యపు గింజ ఒకటి 20 మిల్లీగ్రాములు అనుకోండి. ఆ గింజని 250 ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. ఇప్పుడు హాలంతా వినబడిన చప్పుడు ఆ ఒక్క ముక్కది.

దాని పేరు సిల్వర్ ఫల్మినేట్. లాటిన్‌లో ఫల్మెన్ అంటే పిడుగు. అందుకని నేను దీన్ని పిడుగు ఉప్పు అంటాను. పరీక్షలో మాత్రం అలా రాయకండి, మార్కులు పడవు.

దీన్ని ఎలా తయారు చేస్తారో నేను చెప్పను. అడగొద్దు. తర్వాత స్టాఫ్ రూముకి వచ్చి కూడా అడగొద్దు. దీన్ని చేసి వేళ్లు, కళ్లు పోగొట్టుకున్నవాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. ఈ పదార్థం గుణమే అంత. తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు. చన్నీళ్లలో దాదాపు కరగదు. రాపిడికి పేలుతుంది, వేడికి పేలుతుంది, చిన్న విద్యుత్ మెరుపుకి పేలుతుంది. స్ఫటికం కాస్త పెద్దదైతే విరిగినా చాలు. దీనికి అన్న లాంటిది మెర్క్యురీ ఫల్మినేట్, అంటే పాదరసానిది. దాన్ని నోబెల్ 1860లలో డిటోనేటర్లలో పెట్టాడు. తుపాకీ క్యాపుల్లోనూ చాలాకాలం అదే వాడారు. వెండిదాన్ని ఎవరూ ఆ పనికి పెట్టుకోలేదు. ఎందుకంటారు? పాదరసానిది కోపిష్ఠి, కానీ మనం చెప్పినప్పుడు పేలుతుంది. దీనికి ముక్కు మీదే కోపం. ఎప్పుడు పేలుతుందో దాని ఇష్టం. అందుకే రెండు వందల ఏళ్లుగా దీనికి దొరికిన ఉద్యోగం ఇదొక్కటే, పిల్లల పాప్‌పాప్. ఇంగ్లండులో క్రిస్మస్ భోజనాల దగ్గర ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే కాగితపు క్రాకర్ ఉంటుంది, దాంట్లో టప్‌మనేదీ ఇదే.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో, ఏ కాలేజో చెప్పను, టోలెన్స్ పరీక్ష చేయించాం, సిల్వర్ నైట్రేట్, అమోనియా కలిపిన ద్రావణంతో ఆల్డిహైడ్లని గుర్తుపట్టేది. మీరంతా చేసే ఉంటారు. పరీక్షనాళిక లోపల వెండి అద్దంలా మెరుస్తుంది, పిల్లలు ముచ్చటపడతారు. అయిపోయాక మిగిలిన ద్రావణం వెంటనే ఆమ్లం కలిపి పారబోయించాలి. పారబోయించలేదు. సంక్రాంతి సెలవులిచ్చారు, వెళ్లిపోయాను. తప్పు నాదే. తిరిగొచ్చేసరికి నాళికల్లో ద్రావణం ఎండిపోయి అడుగున నల్లటి మట్టి లాంటిది మిగిలింది. ల్యాబ్ అటెండర్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన గాజుకడ్డీతో దాన్ని గీకాడు. అంతే, ఢామ్మని పేలింది. అదృష్టం బాగుండి చేతికి చిన్న కోతతో, రెండు రోజుల చెవుల హోరుతో పోయింది. రెండు రోజులూ నేనేం మాట్లాడినా బాబాయ్ "ఆఁ?" అనేవాడు. నాకిప్పటికీ నాళిక కడుగుతున్న చప్పుడు వింటే ఆ "ఆఁ?" గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బాబాయ్ చేతిలో పేలింది సిల్వర్ ఫల్మినేట్ కాదు. దాన్ని ఫల్మినేటింగ్ సిల్వర్ అంటారు. చూశారా పేర్లు? ఒకటి ఫల్మినేటింగ్ సిల్వర్, ఇంకొకటి సిల్వర్ ఫల్మినేట్. రెండూ ఒకటేనని పుస్తకాల్లో కూడా పొరపాటు పడుతుంటారు. మొదటిది 1788లో ఫ్రాన్స్‌లో బెర్తొలే కనిపెట్టాడు. ప్రధానంగా సిల్వర్ నైట్రైడ్, వెండి, నైట్రోజన్ మాత్రమే. మనం ఈరోజు మాట్లాడుకునేది రెండోది. ఇందులో వెండితో పాటు కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ కూడా ఉన్నాయి. ఏజీ, సీ, ఎన్, ఓ. నాలుగే పరమాణువులు. బోర్డు మీద రాస్తాను, చూడండి.

మొట్టమొదట ఫల్మినేట్లని లోకానికి చెప్పింది ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన, 1800లో. ఆయన పాదరసం ఫల్మినేట్ చేశాడు, గాయపడ్డాడు, రాయల్ సొసైటీ వాళ్ల కోప్లీ పతకం తీసుకున్నాడు, ఇక ఈ పని నాకొద్దని వేరే దారి పట్టాడు. ఏ దారి పట్టాడో తెలుసా? పంచదార దారి! చెరుకు రసాన్ని గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడి మీద మరిగించే వాక్యూమ్ పాన్ ఆయనదే. మీలో ఎవరి నాన్నగారైనా షుగర్ ఫ్యాక్టరీలో చేస్తారా? ఆ, మీరు. పాన్ దగ్గర పనిచేసేవాళ్లు తెలుసు కదా. ఇంటికెళ్లి చెప్పండి, మీ పాన్ కనిపెట్టినాయన అంతకుముందు బాంబు మందు కనిపెట్టాడని.

సరే. వెండి లవణానికి వద్దాం. జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో 1803లో ఒక పిల్లాడు పుట్టాడు. పేరు యూస్టస్ లీబిగ్. నాన్నకి రంగులు, మందులు అమ్మే కొట్టు. ఊళ్లో సంత జరుగుతుంటే ఒకడు ఇలాంటివే పేలే బఠాణీలు చేసి అమ్ముతున్నాడు. అందరు పిల్లలూ కొనుక్కుని పేల్చారు. ఈ పిల్లాడు మాత్రం పక్కన నిలబడి వాడు ఏం కలుపుతున్నాడో చూశాడు. వాసన పట్టి, పొగ రంగు చూసి, నాన్న కొట్టులో ఏ సీసాలో ఏముందో గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టారు. అక్కడ పేలుడు జరిగి తనని పంపించేశారని లీబిగ్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అదేం కాదు, ఫీజు కట్టలేక వచ్చేశాడని కొందరు చరిత్రకారులు అంటారు. నాకు మాత్రం పేలుడు కథే ఇష్టం, కానీ ఇష్టాన్ని చరిత్ర అనలేం కదా.

ఇరవై ఏళ్లు రాకముందే పారిస్ వెళ్లాడు. అక్కడ గే-లుసాక్. పేరు తెలుసు కదా, వాయువుల నియమం. ఆయన తన ల్యాబులోకి రానిచ్చాడు. ఇద్దరూ కలిసి 1824 నాటికి ఈ పిడుగు ఉప్పుని విశ్లేషించారు. పని అయిపోయినరోజు గే-లుసాక్ లీబిగ్ చేతులు పట్టుకుని బల్ల చుట్టూ డాన్స్ చేశాడట! ఏదైనా కొత్తది కనిపెట్టినప్పుడు నేనూ, తెనార్ అనే నా మిత్రుడూ ఇలాగే గంతులేసేవాళ్లం అన్నాడట. మన సార్లు ఎవరైనా మీతో అలా గంతులేశారా? లేదు కదా. మేమూ వెయ్యలేదు లెండి.

లెక్క ఎంత వచ్చింది? మీరే చెయ్యండి. వెండి 108, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16. మొత్తం 150. నూట యాభైలో నూట ఎనిమిది. అంటే నూటికి 72 పాళ్లు వెండి. ఇది గుర్తుపెట్టుకోండి, 72.

అదే సమయంలో స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ అనే పెద్ద కెమిస్టు దగ్గర ఇంకో జర్మన్ కుర్రాడు పనిచేస్తున్నాడు. ఫ్రెడరిక్ వోలర్. ఆయన చేతిలో వేరే వెండి లవణం ఉంది, సిల్వర్ సయనేట్. అదీ తెల్లటి పొడే. అదీ చన్నీళ్లలో దాదాపు కరగదు. కానీ పేలదు. నూరితే నూరుకుంటుంది, తడిస్తే తడుస్తుంది. పరమ సాధువు. దాన్నీ విశ్లేషించాడు. ఎంత వచ్చింది? మళ్లీ వెండి 72. కార్బన్ ఒకటి, నైట్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి. అచ్చంగా అదే లెక్క!

ఇది ఎలా సాధ్యం? ఇప్పుడు మీకు ఆశ్చర్యంగా ఉండదు, ఇంటర్‌లోనే చదివేశారు. 1824లో కూర్చుని ఆలోచించండి. అప్పటిదాకా కెమిస్ట్రీ అంటే ఏముంది? పదార్థంలో ఏమేమి ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి. అది తెలిస్తే పదార్థం తెలిసినట్టే. ఒకే సరుకులు, ఒకే కొలతలు వేస్తే ఒక కుండలో పప్పు, ఇంకో కుండలో పాయసం వస్తుందా? రాదు. మరి ఇక్కడ వచ్చింది!

లీబిగ్ ఏమన్నాడు? వోలర్ తప్పు చేశాడు అన్నాడు. మనమైనా అదే అంటాం, ముందు ఎదుటివాడి లెక్కే తప్పంటాం. తాను సయనేట్ చేసి కొలిచాడు, వేరే అంకె వచ్చింది, అచ్చు వేయించాడు. వోలర్ మళ్లీ కొలిచాడు, తన అంకే వచ్చింది. తర్వాత ఇద్దరూ కలుసుకుని మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, లీబిగ్ చేసిన సయనేటే శుద్ధంగా లేదు. ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ జీవితాంతం స్నేహితులు. గే-లుసాక్ మాత్రం 1824లోనే అనేశాడు. ఇద్దరి లెక్కా సరైనదే అయితే, మూలకాలు కలిసిన తీరు వేరై ఉండాలి అని. ఎంత పెద్ద మాటో చూడండి. 1830లో బెర్జీలియస్ దానికి పేరు పెట్టాడు, ఐసోమెరిజం. మనం సాదృశ్యం అని చదువుకున్నాం. ఆ మాట పుట్టడానికి దారితీసిన వాటిలో ముఖ్యమైనది ఈ టప్‌మనే పొడి.

ఇప్పుడు తెలుగు పిరియడ్ కాసేపు. నవ్వకండి. బోర్డు మీద ఒక మాట రాస్తున్నాను. వలన. వ, ల, న. "నీ వలన ఈ పని చెడింది" అంటాం కదా, ఆ వలన. ఇప్పుడు చివరి అక్షరం తీసి ముందు పెట్టండి. ఏమైంది? న, వ, ల. నవల! అక్షరాలు అవే మూడు. ఒకటి విభక్తి, ఇంకొకటి ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని చదువుకునేది.

ఇక్కడా అంతే. ఫల్మినేట్‌లో వరస ఏమిటి? సీ, ఎన్, ఓ. మధ్యలో నైట్రోజన్. చివరన ఉన్న ఓ తీసి ముందు పెట్టండి. ఓ, సీ, ఎన్. మధ్యలో కార్బన్. అదీ సయనేట్. అంతే తేడా. మధ్యలో ఎవరు కూర్చున్నారు అన్నదే.

మధ్యలో ఎవరు కూర్చుంటే ఏమిటట? మన ఆర్టీసీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు ఉంటుంది కదా. కిటికీ పక్కన భార్య, ఈ చివర భర్త, మధ్యలో ఎవరో పెద్దమనిషి ఇరుక్కున్నాడు. లేవమంటే లేవడు. భార్య కార్బన్, భర్త ఆక్సిజన్. కార్బన్‌కి ఆక్సిజన్ మీద ఎంత ఆశో మీకు చెప్పాలా? బొగ్గు మండడం అంటే అదే కదా. మధ్యలో పెద్దమనిషి నైట్రోజన్. ఆయనకీ అక్కడ సుఖం లేదు, వెనక సీట్లో కూడా ఇలాగే ఒక జంట మధ్యన ఆయన సొంత తమ్ముడు ఇరుక్కుని ఉన్నాడు. నైట్రోజన్‌కి నైట్రోజన్ అంటే ఎంత బంధమో తెలుసు, మూడు బంధాలు. అందరికీ వేరేచోట కూర్చోవాలనే ఉంది. లేవడానికి ఒక వంక కావాలి, అంతే. బస్సు ఒక గుంతలో పడింది. దబ్బున అందరూ లేచారు. అన్నదమ్ములు ఒకచోట చేరారు, నైట్రోజన్ వాయువు. భార్యాభర్తలు రెండు జంటలు, కార్బన్ మోనాక్సైడ్. అందరూ ఒకేసారి ఆవిరైపోయి సీట్లు ఖాళీ. మిగిలింది? వెండి. రెండు ఫల్మినేట్‌ల నుంచి రెండు వెండి పరమాణువులు, రెండు కార్బన్ మోనాక్సైడ్‌లు, ఒక నైట్రోజన్. సమీకరణం తూగింది, చూసుకోండి.

మరి సయనేట్‌లో? భార్యాభర్తలు ముందే పక్కపక్కన కూర్చున్నారు. గుంతలో పడినా "కాస్త నెమ్మదిగా పోనివ్వవయ్యా" అంటారు తప్ప లేవరు. అంత తేడా. ఎంత తేడా అంటే, ఈ రెండింటి ఆమ్లాలని పోలిస్తే, ఫల్మినిక్ ఆమ్లంలో మోలుకి సుమారు 70 కిలోకేలరీల శక్తి ఎక్కువ దాచి ఉంది. ఎక్కడా దాచలేదు నిజానికి, ఆ కూర్చున్న వరసలోనే ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి మీకు. రాలేదా? ఫల్మినేట్ భాగం ఒకటే అయితే, సోడియంతో ఉన్నదానికన్నా వెండితో ఉన్నది ఎందుకు ఇంత చిరాకు పడుతుంది? కారణం వెండి స్వభావం. సోడియం తన ఎలక్ట్రాన్ ఇచ్చేసి మళ్లీ అడగదు. వెండి అలా కాదు. ఇచ్చినట్టే ఇచ్చి తిరిగి తీసుకోవడానికి చూస్తూ ఉంటుంది. వెండికి లోహంగా ఉండడమే ఇష్టం. సిల్వర్ ఆక్సైడ్‌ని కొద్దిగా వేడిచేస్తే చాలు ఆక్సిజన్‌ని వదిలేస్తుంది. సిల్వర్ బ్రోమైడ్ మీద వెలుతురు పడితే చాలు వెండి బయటికొస్తుంది, పాత ఫోటోలన్నీ అదే కదా. మరి మా అమ్మాయి పట్టీలు నల్లబడతాయి కదా సార్ అంటారు. అది గంధకం. గంధకంతో మాత్రం వెండికి గట్టి స్నేహం. ఆ ఒక్కటీ పక్కన పెడితే, వెండితో కలిసిన ఎవరికైనా విడిపోయే దారి దగ్గరలోనే ఉంటుంది.

పైగా ఇక్కడ వెండి ఊరికే పక్కన అయానుగా నిలబడలేదు. కార్బన్‌ని నేరుగా పట్టుకుంది. ఎలా పట్టుకుంది అన్నది 1965 దాకా సరిగా తెలియలేదు. బ్రిటన్, డునిట్జ్ అనే ఇద్దరు ఎక్స్-కిరణాలతో ఈ స్ఫటికాల లోపల చూశారు. ఆలోచించండి, ఊదితే పేలేదాన్ని ఏరి, పరికరంలో పెట్టి, గంటలు గంటలు కిరణాలు పంపారు. వాళ్ల ఓపికకి దండం.

ఏం కనిపించింది? మీ ఇంటి గుమ్మానికి పండక్కి మామిడాకుల తోరణం కడతారు కదా. పురికొస వంకరటింకరగా వెళ్తుంది, ఆకులు వేలాడతాయి. ఇక్కడ పురికొస అంటే వెండి, కార్బన్, వెండి, కార్బన్. ప్రతి కార్బన్ రెండు వెండి పరమాణువుల్ని పట్టుకుంది, ప్రతి వెండీ రెండు కార్బన్‌లని పట్టుకుంది. ఆ కార్బన్ నుంచి ఆకులా పక్కకి పొడుచుకొచ్చింది నైట్రోజన్, దాని చివర ఆక్సిజన్. ఆకు నిటారుగా ఉంటుంది, వంగదు. ఇది ఒక రకం స్ఫటికం. ఇంకో రకం కూడా ఉంది. అందులో తోరణం పొడుగ్గా సాగదు, ఆరు వెండి, ఆరు కార్బన్ కలిసి గుండ్రంగా ముడిపడి దండ అయిపోతుంది. ఆకులు అవే, కట్టడం వేరు.

ఇంకా తమాషా, వాళ్లే సిల్వర్ సయనేట్‌ని కూడా చూశారు. అదీ తోరణమే! కాకపోతే ఆకుని రెండో వైపు నుంచి కట్టారు. పురికొసలో కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ ఉంది. వెండి, నైట్రోజన్, వెండి, నైట్రోజన్. ఆకులో నైట్రోజన్ తర్వాత కార్బన్, ఆ తర్వాత ఆక్సిజన్. దూరం నుంచి చూస్తే రెండు గుమ్మాలూ ఒకేలా ఉన్నాయి. ఒక గుమ్మం మాత్రం ముట్టుకుంటే కూలుతుంది. నాకైతే మొత్తం కెమిస్ట్రీలో ఇంత అందమైన జంట ఇంకోటి లేదు. అతిశయోక్తి అనుకుంటే అనుకోండి.

ఫల్మినిక్ ఆమ్లంలో వరస ఏమిటన్నది కూడా అంత సులువుగా తేలలేదు. కెకులే లాంటి మహానుభావుడు కూడా ఒక నిర్మాణం వేసి తప్పాడు. హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ అదే వరసలో ఉంటాయని గట్టిగా తేలింది 1960లలో. ఇక హోవర్డ్ చేసిన పాదరసం ఫల్మినేట్ ఉంది చూశారూ, 1800 నాటిది, దాని స్ఫటిక నిర్మాణం మ్యూనిక్ వాళ్లు 2007లో ప్రకటించారు. రెండు వందల ఏడేళ్లు! ఈలోపు దాంతో ఎన్ని యుద్ధాలు జరిగాయో, ఎన్ని గనులు తవ్వారో. వాడడానికి అర్థం కావాల్సిన పనిలేదు.

సాధువు అన్నాను కదా, సిల్వర్ సయనేట్. దాని కథ కూడా ముగించాలి. 1828లో వోలర్ దాన్ని తీసుకుని అమోనియం క్లోరైడ్ ద్రావణం కలిపాడు. సిల్వర్ క్లోరైడ్ అడుక్కి దిగింది. పైన అమోనియం సయనేట్ ఉండాలి. ఆరబెడితే తెల్లటి స్ఫటికాలొచ్చాయి, కానీ అవి అమోనియం సయనేట్ లక్షణాలు చూపించలేదు. ఏమిటవి? యూరియా! మూత్రపిండం లేకుండా, మనిషి గానీ కుక్క గానీ లేకుండా యూరియా చేశానని బెర్జీలియస్‌కి ఉత్తరం రాశాడు. మళ్లీ అదే వింత చూడండి, అమోనియం సయనేట్‌లోనూ యూరియాలోనూ ఉన్న పరమాణువులు అవే, లెక్క అదే. సీట్లు మారాయి. ఈరోజు రైతు బస్తా కోసం ఆధార్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడే యూరియాకి మొదటి ముద్ద ఈ వెండి లవణం నుంచి వచ్చింది. రామగుండంలో అలా చెయ్యరు లెండి, అమోనియా, కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. వెండితో చేస్తే బస్తా మనం కొనగలమా?

టైమ్ అయిపోయిందని ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. ఇంకొక్క మాట. ఆకాశంలో నక్షత్రాలు పుట్టే చల్లటి మేఘాల్లో రేడియో దుర్భిణీలతో వెతుకుతారు, ఏ అణువులున్నాయా అని. సాధువు తరఫు ఆమ్లం, ఐసోసయనిక్ ఆమ్లం, 1972లోనే దొరికింది. పిడుగు తరఫుది, ఫల్మినిక్ ఆమ్లం, 2009లో దొరికింది. చాలా కొంచెం ఉందట. అక్కడ మాత్రం పేలదు. పేలడానికి పక్కన తమ్ముడుండాలి కదా. అంత ఖాళీలో తమ్ముడెక్కడ?

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ఆ అమ్మాయి. చాలా పాప్‌పాప్‌లు విప్పి ఆ పొడి అంతా ఒకచోట పోస్తే ఏమవుతుంది సార్, అంటోంది. మంచి ప్రశ్న, ప్రమాదకరమైన ప్రశ్న. ఒక్కోదాంట్లో 0.08 మిల్లీగ్రాము ఎందుకు పెట్టారనుకున్నావు? అంతకన్నా ఎక్కువ ఒకచోట చేరకూడదనే. విప్పడం మొదలుపెట్టిన చెయ్యి, పొయ్యడం దాకా ఉంటుందని నమ్మకం లేదు. కాగితం విప్పొద్దు, జేబులో కుక్కుకుని దాని మీద కూర్చోవద్దు.

ఏరా, ఇలా రా. ఇదిగో నీ డబ్బా. ఒకటి నేను కొట్టాను, నలభై తొమ్మిదుండాలి. లెక్కపెట్టుకుని తీసుకో.